శని ఆదివారాలు ముసలి కుక్క కాడికి పోయేటోళ్లు ఏం చేయాలె, ఎట్ల చేయాలె

వారమంత డ్యూటీ, కాలేజీ ఉంటది, శని ఆదివారాలే జర ఖాళీ దొరుకుతది, ఆ టైంల కుక్కలకు ఏమన్న చేద్దామనుకునేటోళ్లు వరంగల్, హన్మకొండ, కాజీపేటల మస్తుమంది ఉన్నరు. షెల్టర్‌కు పోతే అందరి చేతులు ముందుగాల కుక్కపిల్లల మీదికే పోతయ్, అవి ఎగురుకుంట మీద మీదికి వస్తయ్ కాబట్టి. మూలకు పండుకున్న ముసలిది లేచి గూడ రాదు. మీరు ఆ ముసలిదాని కాడికి పోర్రి అని నేను చెప్త. వారానికోసారి వచ్చే మనిషితోని ఎక్కువ ఫాయిదా దానికే, ఎందుకంటే ముసలితనంల ఒంట్ల మార్పు మెల్లగ వస్తది, రోజూ చూసేటోళ్ల కండ్లకు అది ఆనది, పోయిన శనివారం చూసి మళ్ల ఈ శనివారం చూసినోళ్లకు టక్కున తెలుస్తది, నడుము సన్నబడ్డదని, కుడి కాలు తక్కువ మోపుతున్నదని, గిన్నె కాడికి వచ్చి తినకుండ నిలబడ్తున్నదని. కాకపోతే అట్ల తెల్వాలంటే ప్రతి వారం అదే మనిషి, అదే కుక్క కాడికి, దాదాపు అదే టైంకు పోవాలె.

షెల్టరే ఉండాలని లేదు. మన దిక్కు ఇప్పుడు మస్తు ఇండ్లల్ల ఇదే కథ, కొడుకో బిడ్డో హైదరాబాద్‌కో అమెరికాకో పోయిండ్రు, వాళ్లు ముద్దుగ తెచ్చుకున్న లాబ్రడార్ అమ్మానాన్నల కాడ ఉండిపోయింది, ఇప్పుడు అది ముసలిది, వీళ్లూ పెద్దోళ్లే, 30 కిలోల కుక్కను ఎత్తి ఆటోల ఏసి దవాఖానకు తీస్కపోవుడు వాళ్లతోని ఏడైతది. మీ గల్లీల అసొంటి ఇల్లు ఉంటే పోయి "పెద్దమ్మా, శనివారం పొద్దుగాల నేనొచ్చి దీన్ని జర చూసుకుంట, గోర్లు తీస్త, దవాఖాన పనుంటే నేను తీస్కపోత" అని అడుగుర్రి, వద్దనేటోళ్లు తక్కువ. వాడకట్టుల అందరు బుక్కెడంత పెట్టంగ పెరిగిన ఊరకుక్క ముసలిదైనా అంతే, దాన్ని గూడ ఎవరో ఒకరు పట్టించుకోవాలె.

ఎప్పుడు ముసలిదన్నట్టు అంటే, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులు 7 ఏండ్లు దాటితే లెక్కల పడ్డట్టే, పామేరియన్ లాంటి చిన్నవాటికి 9, 10 ఏండ్ల దాక టైం ఉంటది, మన ఊరకుక్క ఇంట్ల మంచిగ పెరిగితే 14, 15 ఏండ్లు గూడ బతుకుతది. మూతి తెల్లబడుడు ఒక్కటే చూసి వయసు చెప్పద్దు, కొన్నిటికి తొందరగనే తెల్లబడ్తది.

మొదటి వారాలు

మొదటి రోజే తానం పోస్త, గోర్లు తీస్త అని మీద పడకుర్రి. ముసలి కుక్కకు సగం చెవులు వినపడవు, సగం కండ్లు కనపడవు, వెనకకెళ్లి పోయి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తది, అది దాని తప్పు గాదు. ముందు దిక్కుకెళ్లి పోర్రి, దూరంకెళ్లే నేల మీద కాలుతోని మెల్లగ తట్టుర్రి, ఆ అదురు దానికి తెలుస్తది, చెయ్యి కిందికి పెట్టి వాసన చూడనియ్యిర్రి, తర్వాత మెడ పక్కన, ఛాతీ మీద రాయుర్రి. నెత్తి మీద తట్టుడు, నడుము మీద ఒత్తుడు వద్దు, కీళ్ల నొప్పులున్న కుక్కకు తుంటి మీద చెయ్యి పడితే పాణం పోయినంత పనైతది. పండుకున్న దాన్ని లేపద్దు, అది లేచేదాక ఆగుర్రి. సెంటు కొట్టుకొని పోకుర్రి, వీలైతే ప్రతిసారి అదే బట్టలు, అవే చెప్పులతోని పోర్రి, కండ్లు పోయిన కుక్క మనిషిని ముక్కుతోనే గుర్తువడ్తది. చిన్న కుక్కపిల్లలను, జబ్బు కుక్కలను ముట్టుకున్నంక దీని కాడికి రాకుర్రి, ముందు దీని పని చూసుకొని తర్వాత వాటి కాడికి పోర్రి.

మీ సంగతి గూడ చూసుకోవాలె. రెగ్యులర్‌గ కుక్కల పని పెట్టుకునేటోళ్లు ముందుగాలనే రేబీస్ టీకా వేయించుకోవచ్చు, డాక్టర్‌ను అడుగుర్రి. గాటు పడినా, గోరు గీరుకొని నెత్తురొచ్చినా, నల్లా కింద పెట్టి సబ్బుతోని 15 నిమిషాలు కడగాలె, పసుపు, సున్నం, కారం ఇవేమీ పెట్టద్దు, అదే రోజు దవాఖానకు పోవాలె, వరంగల్ ఎంజీఎం దవాఖానల సర్కారు టీకా వేస్తరు. ముందుగాల కోర్సు అయినోళ్లు గూడ పోవాలె, వాళ్లకు డోసులు తక్కువ పడ్తయ్ అంతే. కుక్కకు గూడ ముసలిదైందని రేబీస్ టీకా ఆపద్దు, యేడాదికోసారి వేయించాలె, తేదీ ఎప్పుడో ఇంటోళ్లను అడిగి రాసిపెట్టుకోర్రి.

ముక్కుకెళ్లి తోక దాక

ఇది అసలు పని, పావుగంట పడ్తది, ప్రతి శనివారం ఒకే వరుసల చేయుర్రి, అట్లయితే ఏదీ మర్చిపోరు.

ముందుగాల అది పండుకున్నప్పుడే దూరంకెళ్లి ఊపిరి లెక్కపెట్టుర్రి, పొట్ట లేచి పడితే ఒకటి. నిద్రల ఉన్నప్పుడు నిమిషానికి 30 లోపల ఉండాలె, వరుసగ అంతకన్న ఎక్కువ వస్తుంటే, తోడుగ రాత్రిపూట దగ్గు గూడ ఉంటే గుండె సంగతి చూపియ్యాలె. తర్వాత లేచేటప్పుడు చూడుర్రి, ఎన్నిసార్లు ట్రై చేసి లేస్తున్నది, లేవంగనే నాలుగడుగులు బిర్రుగ నడిచి తర్వాత సాఫైతున్నదా, అట్లయితే కీళ్లవాతం కావచ్చు. అది నడిచేది ఫోన్ల వీడియో తీసిపెట్టుకోర్రి, దవాఖానల టేబుల్ మీద భయానికి ఏ కుక్కా కుంటుకుంట నడవదు, డాక్టర్‌కు ఆ వీడియోనే పనికొస్తది.

పెదవి లేపి చిగుర్లు చూడుర్రి, గులాబీ రంగుండాలె, వేలుతోని ఒత్తి వదిలితే 2 సెకన్లల రంగు తిరిగి రావాలె. తెల్లగ పాలిపోయి ఉంటే రేపు ఎల్లుండి అనద్దు, అదే రోజు డాక్టర్. మన దిక్కు అట్ల పాలిపోయే కారణాలల్ల పెద్దది పిడుదుల జ్వరం, అది వచ్చిన కుక్క తిండి మానేస్తది, జ్వరం వస్తది, ఒక్కోసారి ముక్కుకెళ్లి నెత్తురు కారుతది, టైంకు పట్టుకుంటే మందులతోని తగ్గుతది. అందుకే చెవుల లోపల, వేళ్ల సందుల, తోక కింద పిడుదులు వెతుకుర్రి, ఉంటే తోలు దగ్గర పట్టుకొని సీదగ లాగుర్రి, అగ్గిపుల్లతోని కాల్చుడు, గోర్లతోని చిదుముడు వద్దు. నోరు కంపు కొడుతుంటే పండ్ల మీద గార, చిగుర్ల చీము ఉంటది, తినబుద్ధి ఉండి గూడ తినలేక గిన్నె ముందట నిలబడే కుక్కల సంగతి సగం ఇదే.

కండ్లు నీలం పొగ లెక్క మసకగ ఉంటే అది చాలా మట్టుకు వయసుతోని వచ్చేదే, చూపు ఉంటది. పాల లెక్క తెల్లగైతే అది శుక్లం. కన్ను ఎర్రగై, ఉబ్బి, అది కన్ను తెరుస్తలేదంటే మాత్రం నొప్పి ఉన్నట్టు, ఆగద్దు.

ఒంటి మీద గడ్డలుంటే భయపడకుర్రి, ఇడిసిపెట్టకుర్రి. మెత్తగ, తోలు కింద అటూ ఇటూ జరిగేవి ఎక్కువగ కొవ్వు గడ్డలే, కాకపోతే చేత్తోని ముట్టుకొని ఏదేందో ఎవరూ చెప్పలేరు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయుర్రి, వచ్చే నెల మళ్ల తీయుర్రి, పెరిగిందంటే డాక్టర్ సూదితోని తీసి టెస్టుకు పంపుతరు. ఆడకుక్క అయితే రొమ్ముల వరుస మొత్తం తడిమి చూడాలె. పిల్లలు కాకుండ ఆపరేషన్ కాని ముసలి ఆడకుక్క, హీటుకు (ఎదకు) వచ్చి పోయిన కొన్ని వారాలకు నీళ్లు మస్తు తాగుతూ, డల్లుగ పండుకొని, కిందికెళ్లి చీము కారుతుంటే అది గర్భసంచిల చీము, చీము బయటికి రాకుండ లోపలనే ఉంటే ఇంకా డేంజర్, పొట్ట ఉబ్బుతది. అది గంటల లెక్క, అర్ధరాత్రైనా తీస్కపోవాల్సిందే.

కాళ్ల కాడ, లోపలి దిక్కు పైన ఉండే బొటనవేలు గోరు చూసుడు మర్వద్దు, అది నేలకు తాకది, అరగది, రింగు తిరిగి మాంసంల గుచ్చుకుంటది, చాలా మంది ఇండ్లల్ల దాన్ని ఎవరూ చూడరు. గోరు తీసేటప్పుడు కొసకు కొంచెం కొంచెమే కత్తిరించుర్రి, నల్లగోర్లకు లోపల నరం కనపడది కాబట్టి ఇంకా జాగ్రత్త. ఒక్కరోజే అన్ని గోర్లు కావాలని లేదు, ఈ వారం ముందు కాళ్లు, వచ్చే వారం వెనక కాళ్లు.

చివరికి బరువు. మీరు కుక్కను ఎత్తుకొని కాంటా ఎక్కుర్రి, తర్వాత మీరొక్కరే ఎక్కుర్రి, తీసేస్తే దాని బరువు. పెద్దదైతే దవాఖానల కాంటా ఉంటది. తింటూనే బరువు తగ్గుతుంటే ఏదో ఉన్నది.

పడక, నడక

మన ఇండ్లల్ల టైల్స్ ఉంటయ్ లేకపోతే నున్నటి బండలు, వాటి మీద ముసలి కుక్క కాళ్లు జారి చీలిపోతయ్, ఒక్కసారి అట్ల పడ్డదంటే భయానికి లేచుడే మానేస్తది. మందులు తర్వాత, ముందు అది తిరిగే తోవల, పడక కాడికెళ్లి నీళ్ల గిన్నె దాక, గిన్నె కాడికెళ్లి తలుపు దాక, పట్టాలో పాత రబ్బర్ మ్యాట్లో గోనె సంచులో వరుసగ పరవుర్రి. ఒక్క పూటల అయ్యే పని, పైసలు పెద్దగ కావు, నేను చూసిన కాడికి ముసలి కుక్క జీవితాన్ని ఎక్కువ మార్చేది ఇదే. పడుకోనీకి పాత పరుపు ముక్క మీద బొంత ఏయుర్రి, ఉత్త నేల మీద పండుకుంటే మోచేతులు గట్టిపడి పుండ్లైతయ్. గిన్నెలు చిన్న పీట మీద పెడితే మెడ వంచే బాధ తప్పుతది.

నడక పూర్తిగ ఆపద్దు, ఆపితే ఉన్న కండ గూడ కరుగుతది. ఒక్కసారే గంట గాకుండ పదేసి నిమిషాలు రెండు మూడు సార్లు, అది ఆగిన కాడ ఆగుర్రి, వాసన చూస్తుంటే చూడనియ్యిర్రి, మిగిలిన సంతోషం ఎక్కువ అందులనే ఉంటది. వెనక కాళ్లు తేలిపోతుంటే తువ్వాలను పొట్ట కింద నుంచి ఏసి రెండు కొసలు పైకి పట్టుకొని నడిపియ్యిర్రి.

అసలుకే లేవలేని కుక్క అయితే రెండు నుంచి నాలుగు గంటలకోసారి పక్క తిప్పాలె, ఉచ్చ తడి అంటుకోకుండ తుడవాలె. ఇది మీ ఒక్కరితోని అయ్యేది గాదు, వారమంత ఎవరు ఏ టైంకు తిప్పుతరో ఇంటోళ్లతోని కూసొని మాట్లాడుకోవాలె. వానకాలంల అయితే పుండు కాడ రోజూ చూడాలె, ఈగ వాలితే పురుగు పడ్తది, ఊరకుక్కలు మస్తు దీనికే సచ్చిపోతయ్. కిరోసిన్, పెట్రోల్, ఫినాయిల్ పొయ్యకుర్రి, పురుగు సంగతేమో గాని కుక్క పాణం మీదికి వస్తది. అదే రోజు డాక్టర్ కాడికి తీస్కపోయి పురుగులు ఏరిపియ్యాలె.

తిండి

మెత్తగ, కొంచెం కొంచెం, రోజుకు రెండు మూడు సార్లు. మెత్తగ ఉడికిన అన్నంల బొక్కల్లేని ఉడకబెట్టిన చికెన్, కోడిగుడ్డు, గుమ్మడికాయ ముక్క, ఇట్ల పెట్టొచ్చు. ఉప్పు, కారం, మసాలా ఏదీ వద్దు, ఉల్లి, ఎల్లిగడ్డ అసలే వద్దు, నెత్తురు పాడైతది. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్ గూడ విషమే. పాలు కొన్నిటికి పడవు, విరేచనాలు పట్టుకుంటయ్, పెరుగన్నం పడ్తది అనుకుంటే కొంచెం పెట్టి చూడుర్రి. ప్యాకెట్ తిండి అయితే గోరువెచ్చటి నీళ్లల్ల నానబెట్టి ఇయ్యిర్రి, వాసన లేస్తది, ముక్కు మొద్దుబారిన ముసలిదానికి తినబుద్ధైతది. తిండి మార్చాలంటే వారం రోజులు పాతదాంట్ల కొత్తది మెల్లగ కలుపుకుంట పోవాలె. కిడ్నీ జబ్బున్న కుక్కకు ఏం పెట్టాలన్నది మాత్రం డాక్టరే చెప్పాలె.

దావత్ అయిన రోజు బొక్కల సంచి తెచ్చి కుక్క ముందట పోసుడు మన కాడ ప్రేమ కిందనే లెక్క. ఉడికిన బొక్క సూదుల లెక్క చీలుతది, పేగుల గుచ్చుకుంటది, అరిగిపోయిన పండ్ల కుక్కకు ఇంకా ప్రమాదం. ఇంట్ల పెద్దమనుషులకు ఇది కోపం గాకుండ చెప్పుర్రి, బొక్కలు తీసేసి మాంసం ముక్కలే ఏయమనుర్రి, ఇష్టంగనే వింటరు.

నీళ్ల లెక్క ముఖ్యం. పొద్దుగాల కొలిచి పోసి, తెల్లారి మిగిలింది కొలిస్తే తెలుస్తది. కిలో బరువుకు రోజుకు 100 ఎంఎల్ దాటి తాగుతుంటే, అంటే 20 కిలోల కుక్క 2 లీటర్లు దాటితే, కిడ్నీలు, షుగర్ టెస్టు చేపియ్యాలె. ఎక్కువ తాగుతున్నదని, ఇంట్ల ఉచ్చ పోస్తున్నదని నీళ్లు మాత్రం ఆపద్దు.

దవాఖాన

ఆదివారం డాక్టర్లు దొరుకుడు కష్టం, కాబట్టి చూసుడంత శనివారం పొద్దుగాలనే పెట్టుకోర్రి, ఏమన్న తేడా ఉంటే అదే పూట తీస్కపోవచ్చు. మామునూరుల తెలంగాణ పశువైద్య యూనివర్సిటీ కాలేజీ ఉన్నది, జగిత్యాల దిక్కోళ్లకు కోరుట్లల ఉన్నది, జిల్లా పశువుల దవాఖానలు ఉన్నయ్, ప్రైవేట్ క్లినిక్‌లు హన్మకొండల ఉన్నయ్, ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి కుక్కలను ఏ టైంల చూస్తరో అడిగి పోర్రి, ముసలి కుక్కను ఉట్టిగ తిప్పద్దు. ఆటోల తీస్కపోయేటప్పుడు మందం దుప్పటిని స్ట్రెచర్ లెక్క పట్టుకొని ఇద్దరు ఎత్తాలె. నొప్పితోని కరుస్తదేమో అనిపిస్తే చున్నీతోని మూతి కట్టొచ్చు, ఊపిరి ఆడకపోయినా, కక్కుతున్నా కట్టద్దు.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్త, మనుషుల నొప్పి గోలీలు కుక్కకు ఇయ్యద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదైనా సరే, కడుపుల పుండ్లైతయ్, లివర్, కిడ్నీలు పోతయ్. పాపం కుంటుతున్నదని మెడికల్ షాపుల తెచ్చి సగం గోలీ ఏసేటోళ్లు మంచి మనసుతోనే ఏస్తరు, దాంతోనే కుక్క పోతది. కీళ్ల నొప్పులకు కుక్కలకు వేరే మందులున్నయ్, డాక్టర్ నెత్తురు పరీక్ష చూసి బరువు లెక్కన రాస్తరు. గోలీ మింగకపోతే అరటిపండు ముక్కలనో ఇడ్లీ ముక్కలనో పెట్టి ఇయ్యొచ్చు.

ఎండ, చప్పుడు

ఎండకాలం మన కాడ 42, 43 డిగ్రీలు మామూలే, రామగుండం దిక్కు ఇంకా ఎక్కువ. పొద్దుగాల 7 లోపల, మాపటికి నేల చల్లారినంకనే బయటికి తీయుర్రి, సీసీ రోడ్డు మీద చెయ్యి వెనక దిక్కు ఆనిచ్చి చూడుర్రి, మీకు కాలితే దానికీ కాలుతది. ఎండదెబ్బ తగిలి గట్టిగ రొప్పుతూ తూలుతుంటే నీడకు తెచ్చి నల్లా నీళ్లు ఒళ్లంత పోసి ఫ్యాన్ పెట్టుర్రి, అట్లనే దవాఖానకు. ఐస్ నీళ్లు వద్దు.

చలికాలం కీళ్లు బిగుసుకుంటయ్, గోనె సంచి మీద బొంత, గాలి తగలని మూల. దసరాకు ఉర్సు రంగలీల మైదానంల పటాకులు కాలుస్తరు, దీపావళి సరే సరి, బతుకమ్మ, వినాయకులకు డీజేలు. చప్పుడుకు బెదిరి ముసలి కుక్క ఉరికి పోయిందంటే తోవ తెల్వక తిరిగి రాదు. ఆ రోజులు లోపలి అర్రల పెట్టి కిటికీలు మూసి కూలరో టీవీనో నడిపియ్యిర్రి, మెడ పట్టీ మీద ఫోన్ నంబర్ రాయుర్రి, బాగా వణికే కుక్క అయితే పండుగకు ముందే డాక్టర్‌ను అడిగితే మందు రాస్తరు.

రాత్రంత అర్థం లేకుండ తిరుగుడు, మూలకు మొఖం పెట్టి నిలబడుడు, ఇంటోళ్లనే గుర్తువట్టకపోవుడు కనిపిస్తే అది మతిమరుపు జబ్బు కావచ్చు, కుక్కలకు గూడ వస్తది. సామాన్లు జరపకుండ ఉంచుర్రి, రాత్రి చిన్న లైటు ఏయుర్రి, తిట్టద్దు, డాక్టర్‌కు చెప్పుర్రి.

సోమవారం నుంచి శుక్రవారం

మీరు లేని రోజులదే ఎక్కువ లెక్క. డబ్బలున్న గోడ క్యాలెండర్ ఒకటి పడక కాడ తగిలించుర్రి, ఆ రోజు డబ్బల రెండే మాటలు, తిన్నదా, లేచి నడిచిందా, మందు ఏస్తే ఒక టిక్కు. పెద్దోళ్లు గూడ ఇది అలవాటు చేసుకుంటరు, శనివారం మీరు రాంగనే చూపిస్తరు. మీరు ఊరికి పోయే వారం ముందే చెప్పి ఇంకొకరిని తీస్కొచ్చి కుక్కకు అలవాటు చేసి పోర్రి, ఉన్నట్టుండి మాయం కాకుర్రి.

అదే క్యాలెండర్ చివరి రోజులల్ల గూడ అక్కరకొస్తది. తినలేదు, లేవలేదు, ఏడ్చింది అని రాసిన డబ్బలు మంచిగున్న రోజులకన్న ఎక్కువైతుంటే, దాన్ని పట్టుకొని ఇంటోళ్లతోని, డాక్టర్‌తోని కూసొని మాట్లాడే టైం వచ్చినట్టు. నొప్పి తగ్గే తోవ ఇంక లేదని డాక్టర్ చెప్తే, మత్తిచ్చి నిద్రల పోనిచ్చే ఇంజెక్షన్ ఉంటది, అది పాపం అని ఇంటోళ్లు ఏడుస్తరు, వాళ్లను తొందరపెట్టద్దు, కాకపోతే కుక్క పడే బాధ ఏందో మీరు చూసింది చూసినట్టు చెప్పుర్రి. నిర్ణయం వాళ్లది. ఆ రోజు అది ఎరిగిన మనుషులు పక్కన ఉండాలె, మీరు గూడ పోర్రి. బొందపెట్టేటప్పుడు బావికి, బోరుకు దూరంగ, నాలుగు ఫీట్ల లోతు తవ్వుర్రి, తక్కువ తవ్వితే వేరే కుక్కలు తోడుతయ్. మిగిలిన గోలీలు ఇంకో కుక్కకు మీకు మీరే ఏయకుర్రి, డాక్టర్‌కు చూపిచ్చి అక్కరున్న కాడ ఇయ్యిర్రి, బొంత, పట్టాలు సబ్బుతోని ఉతికి రెండు రోజులు ఎండల ఏసి షెల్టర్‌కు పంపుర్రి, అక్కడ ఉత్త నేల మీద పండుకునే ముసలి కుక్కలు ఎప్పుడూ ఉంటయ్.